రెక్కల పందిరి

లింగరాజు చేతులు మోచేతుల దాకా పసుపుమయం అయ్యాయి. సందు మొదట్లో, బురదలో గొంతుక్కూర్చుని, రెండు నిలువుల వెదురు బొంగుకు పసుపు ముద్ద పట్టిస్తున్నాడు. కణుపు వచ్చిన చోటల్లా బొటనవేలితో అదిమి, వానకు జారిపోకుండా రుద్దుతున్నాడు. పక్కన గొడుగుతో పెళ్ళికూతురు కోటేశ్వరి నిలబడి ఉంది. గొడుగు తన మీద పట్టాలో, ఆయన మీద పట్టాలో, బొంగు మీద పట్టాలో తెలియక అటూ ఇటూ తిప్పుతోంది, తిప్పినప్పుడల్లా నవ్వుతోంది.

"బొంగు మీద పట్టే గుంటా. నాను కరగను," అన్నాడు లింగరాజు.

"బొంగు కరిగిపోద్దేటి మావా?"

"పసుపు కరుగుద్ది."

ఆ మాటకూ నవ్వింది. కోటేశ్వరికి నవ్వు రావడానికి కారణం అక్కర్లేదు. ఆమె తల్లి తులసమ్మకు ఈ పెళ్ళిలో ఉన్న భయాల్లో అది ఒకటి. తాళి కట్టేటప్పుడు ఈ పిల్ల నవ్వేస్తే మగపెళ్ళివారు ఏమనుకుంటారో అని.

పసుపు అయ్యాక కుంకుమ బొట్లు పెట్టాడు. తులసమ్మ నవధాన్యాలు మూటగట్టిన పసుపు గుడ్డను, మామిడి కొమ్మను బొంగు తలకు కట్టింది. ఇద్దరు ముత్తయిదువలు గోతిలో పాలు పోశారు. లింగరాజు బొంగును దింపి, ఇటుక ముక్కలు వేసి, మట్టి వేసి, గునపం మొద్దు కొసతో దంచాడు. మళ్ళీ ఇటుక, మళ్ళీ మట్టి, మళ్ళీ దంచుడు. చివరికి భుజం ఆనించి తోసి చూశాడు. కదల్లేదు. అప్పుడు గాని లేచి నిలబడలేదు.

బర్మా రాజధానిలోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఇళ్ళల్లో పెళ్ళి రాట పాతితే పెళ్ళి మొదలైనట్టే. పందిరి తర్వాత వేస్తారు, వంట తర్వాత చేస్తారు, రాట మాత్రం ముందు. తాళి పడేదాకా అది కదలకూడదు. అందరూ ఇంటి ముందే పాతుతారు. కానీ తులసమ్మ ఉండే సందు పొడవునా ఒక పక్క మురుక్కాలవ, ఇంకో పక్క ఇటుక పరుపు. మట్టి ఉన్నది సందు మొదట్లో ఒక్కచోటే. అందుకని అక్కడ పాతారు.

ఆ చుట్టుపక్కల జరిగిన పెళ్ళిళ్ళలో సగానికి రాట పాతింది లింగరాజే. ఆయన తండ్రి బారువ దగ్గర ఓడెక్కి వచ్చి, ఏటికి అవతలి ఒడ్డున ఉన్న దలాలో బియ్యం మిల్లులో మూటలు మోశాడు. కొడుకు ఇన్సేన్ రైలు కార్ఖానాలో వడ్రంగి. బోగీల బెంచీలు, కిటికీ రెక్కలు ఆయన పని. పందిళ్ళు వేయడం మాత్రం ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు దలా రేవులో పడవవాళ్ళు ముళ్ళు వేస్తుంటే చూసి, ఇంటికొచ్చి అమ్మ చీర అంచుతో వేసి, విప్పి, తిట్లు తిని నేర్చుకున్నాడు. పందిరికి మేకు ముట్టించడు. "మేకు కొడితే అది పందిరి కాదు, పెట్టె," అంటాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద ఉపన్యాసం ఎవరూ వినలేదు. పందిరి వేసినందుకు తీసుకునేది ఒక్క రాట బొంగే. పెళ్ళయ్యాక తనే స్వయంగా పీకి భుజాన వేసుకుపోతాడు. ఆయన పాతిన రాట పెళ్ళికి ముందు కదిలిందన్న మాట ఎన్నడూ లేదు.

అది ఎనభై ఎనిమిది, శ్రావణ మాసం. ఆగస్టులో ఊరేగింపుల మీద సైన్యం కాల్పులు జరిపింది, ఆ తర్వాత జనం రెట్టింపయి మళ్ళీ రోడ్ల మీదికి వచ్చారు. ఇప్పుడు కార్ఖానాలు, ఆఫీసులు, బళ్ళు అన్నీ సమ్మెలో ఉన్నాయి. ప్రభుత్వం ఉన్నదో లేదో చెప్పగలిగినవాళ్ళు లేరు. పొద్దున లేస్తే ఊరేగింపు, సాయంత్రం అయితే టీ కొట్టులో సభ. ఎవరికి తోచిన పత్రిక వాళ్ళు అచ్చేస్తున్నారు. అన్నేళ్ళు మూసి ఉంచిన నోళ్ళు ఒక్కసారి తెరుచుకునేసరికి ఊరికి ఊరే కొంచెం మత్తులో ఉన్నట్టుంది. జైళ్ళలోంచి దొంగలు బయటికొచ్చేశారన్న పుకారు ఒకటి. అందువల్ల ఏ వీధికి ఆ వీధి రాత్రిపూట కాపలా కాస్తోంది.

ఇలాంటప్పుడు పెళ్ళేమిటని అనేవాళ్ళు అన్నారు. "శ్రావణం దాటితే భాద్రపదం. ఆ నెల ముహూర్తాలు లేవు. ఆపైన ఎవులికి తెలుసు?" అని తులసమ్మ ఒకే మాట అంది. ఆమె బజ్జీలమ్మి దాచుకున్న నోట్లు కిందటి ఏడు ప్రభుత్వం చెల్లవు పొమ్మన్నప్పుడు చిత్తుకాగితాలయ్యాయి. "పొయ్యిలో పెడితే ఒక్క బజ్జీ అయినా ఏగలేదు," అని ఇప్పటికీ చెప్పి తనే నవ్వుతుంది. కూతురి నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

కాబట్టి ఈ పెళ్ళిలో కొన్నది తక్కువ, చేసుకున్నది ఎక్కువ. నుదుట కట్టుకునే బాసికాలు కోటేశ్వరి సిగరెట్టు పెట్టెల్లోని తళుకు కాగితంతో చేసింది. పెళ్ళికొడుకు జోగి దలాలో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. అతనికి తెల్ల చొక్కా తనే కుట్టి పంపింది, కొలత కోసం అతని పాత చొక్కా ఒకటి తెప్పించుకుని. ఆ చొక్కా డీజిలు వాసన వస్తోందని వారం రోజులు నవ్వింది. విస్తళ్ళు బాదం ఆకులతో కుట్టారు. లేనివి రెండే రెండు. మేళం లేదు, ఎందుకంటే వాయించేవాళ్ళు ఊరేగింపుల్లో ఉన్నారు. పందిరికి వెదుళ్ళు లేవు, ఎందుకంటే ఊళ్ళో ఉన్న వెదురంతా వీధి అడ్డుకట్టలకు పోయింది. లింగరాజుకు దొరికింది ఆ ఒక్క రాట బొంగే.

"పందిరి సంగతి నాను సూసుకుంటాను. రాటయితే పడింది," అన్నాడు.

"అదే సాలు అన్నియ్యా. మగపెళ్ళివారి తాతగారికి కావాల్సింది రాటే," అంది తులసమ్మ.

జోగి తాత అచ్చెన్న దలా సాంపాను పడవవాళ్ళకు పెద్ద. పెద్ద మనవడి పెళ్ళిలో రాట ఒరిగింది. అదే ఏడు ఆ మనవడి పడవ మునిగింది. మనిషి బతికాడు గాని అచ్చెన్నకు ఆ రాట మరుపుకు రాలేదు. సంబంధం కలుపుకున్న రోజే చెప్పాడు, "మాకు కట్నాలొద్దు, కానుకలొద్దు. రాట మాత్రం కదలకూడదు. వొచ్చినపుడు నా సేత్తో ముట్టి సూస్తాను. కదిలిందా, పడవ ఎనక్కి తిప్పేస్తాను." ఆ మాట వేళాకోళం కాదని అందరికీ తెలుసు.

*

మర్నాడు పొద్దున్నే లింగరాజు గునపం తీసుకుని వచ్చేసరికి సందు మొదట్లో రాట కనపడలేదు.

సరిగ్గా చెప్పాలంటే కనపడింది గాని, గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. దానికి ఎదురుగా సందుకు అవతలి పక్క ఇంకో లావు స్తంభం లేచింది. రెంటినీ కలుపుతూ పైన ఒక అడ్డబొంగు, కింద మనిషి నెత్తి దాటే ఎత్తున రెండు వరసల వెదురు తడకలు. అన్నిటినీ ఇనుప తీగతో బిగించారు. పసుపు రాసిన రాట తల మీద, మామిడి కొమ్మ పక్కనే, ఒక ఎర్ర జెండా వానలో తడుస్తోంది.

తడకల ముందు చిట్ స్వే కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. సందు మూల మీద టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు అతనిది. ఇప్పుడు వీధి కాపలా సంఘానికి పెద్ద కూడా.

"ఊలే," అని పిలిచాడు సంబరంగా. బర్మా భాషలో బాబాయి అన్నమాట. "చూశారా, ఒక్క రాత్రిలో లేపాం. మీరు పాతిన స్తంభం ఎంత గట్టిగా ఉందంటే, మిగతాదంతా దానికే కట్టేశాం. ఏ వీధికీ ఇంత అలంకారమైన గేటు లేదు. పక్క వీధివాళ్ళు వచ్చి చూసిపోయారు."

లింగరాజుకు వచ్చిన బర్మా భాష కార్ఖానా బర్మా భాష. పనిముట్ల పేర్లు, బూతులు, వాటి మధ్య కలుపుకునే నాలుగు ముక్కలు. "ఎవరు కట్టమన్నారు?" అన్నాడు.

"మీరే కదా. మొన్న టీ కొట్టులో సభలో అడిగాను. ఊలే, మీరు తాయింగ్ పాతుతారా అని. పాతుతాను, రేపు పొద్దున్నే అన్నారు."

తాయింగ్ అంటే స్తంభం. లింగరాజుకు గుర్తొచ్చింది. సభలో ఏం మాట్లాడారో ఆయన వినలేదు. సభల్లో ఆయన వినడు, టీ తాగుతాడు. తాయింగ్ అన్న మాట చెవిన పడింది. పెళ్ళి సంగతి అడుగుతున్నాడనుకుని, పాతుతానన్నాడు.

అప్పటికి తులసమ్మ, కోటేశ్వరి కూడా వచ్చారు. కోటేశ్వరి ఒక చేత్తో నోరు మూసుకుంది, లాభం లేకపోయింది.

"ఓలమ్మో, నా పెళ్ళిరాట కోటగుమ్మం అయిపోనాది," అంది నవ్వు మధ్యలో.

"నవ్వకే, సావుదువు గాని. అన్నియ్యా, రేపే కదా పెళ్ళి. ఇప్పించీ, ఈ తడకలు ఇప్పించీ."

లింగరాజు రాట దగ్గరికి వెళ్ళి, మొదలు చుట్టూ మట్టి చూశాడు. అరచెయ్యి ఆనించాడు. రాత్రి అంత లాగులాటలోనూ కదల్లేదు. కానీ తీగను పట్టకారుతో బొంగులో దిగిపోయేంత బిగించారు. అది విప్పాలంటే లాగాలి. రాత్రంతా కురిసిన వానకు మట్టి మెత్తబడింది. లాగితే రాట ఊగుతుంది. ఊగిన రాట ఊగినట్టే.

"ఇప్పితే కదులుద్ది," అన్నాడు.

"ఇప్పకపోతే దారే లేదు కదా. మగపెళ్ళివారు తడక మీంచి దూకి వొస్తారేటి?"

చిట్ స్వేకు సంగతి అంతా చెప్పేసరికి అతని మొహం వాడిపోయింది. పెళ్ళిగుంజను గేటు చేశామని తెలిసి చెవులు పట్టుకున్నాడు. కానీ గేటు తీసేస్తామని మాత్రం అనలేకపోయాడు. "ఊలే, రాత్రికి గేటు లేకపోతే మా కుర్రాళ్ళు ఊరుకున్నా వీధిలో ఆడవాళ్ళు ఊరుకోరు. పగలు ఏమైనా చేసుకోండి. చీకటి పడేసరికి మాత్రం మూత పడాలి."

"పగలు తెరిచి రాత్రి మూయడానికి ఇదేటి కిళ్ళీకొట్టా?" అని గొణిగింది తులసమ్మ.

లింగరాజు తల తిప్పి చూశాడు. చిట్ స్వే కొట్టుకు ముందు గోడ లేదు. పై అంచున బందు వేసిన చెక్క రెక్క ఉంది. పొద్దున దాన్ని పైకెత్తి, కింద కర్ర పోటు పెడతాడు. అప్పుడు అది చూరు. రాత్రి కర్ర తీస్తాడు. అప్పుడు అది తలుపు. ఆ ఊళ్ళో సగం కొట్లు అంతే. దాన్ని కొత్తగా చూసేదేమీ లేదు. లింగరాజు మాత్రం చాలాసేపు చూశాడు. తర్వాత తడకల్ని చూశాడు. రెండు వరసలున్నాయి.

"చిట్ స్వే, లారీ లాగే తాడు ఉందా నీ దగ్గర?" అన్నాడు.

*

పని మొదలయ్యాక లింగరాజు రాటకు చుట్టిన తీగను ముట్టుకోలేదు. రాటకు వేలెడు దూరంలో తడక బద్దల్ని రంపంతో కోసి రాటను విడిపించాడు. తీగ, దాని చుట్టూ మిగిలిన బద్ద ముక్కలు రాటకు కంకణంలా ఉండిపోయాయి. ఇక అడ్డబొంగు బరువు రాట మీద ఉంది. దానికి రాట పక్కనే, రాటకు తగలకుండా ఇంకో స్తంభం కావాలి. రెక్కలు పైకి లేచాక వాటి కొసలకు పోట్లు కావాలి. బొంగులు లేవు.

కోటేశ్వరి మేడల మీదికి చూసింది. ప్రతి వరండాలోంచీ బట్టలారేసే వెదురు ఒకటి రోడ్డు మీదికి చాచి ఉంది.

"మావా, అయి బొంగులు కావేటి?"

ఆ పిల్ల మేడమెట్లు ఎక్కి ఇల్లిల్లూ తిరిగింది. పెళ్ళికూతురు వచ్చి బట్టల బొంగు అడిగితే కాదన్నవాళ్ళు లేరు. బర్మావాళ్ళు ఇచ్చారు, తమిళులు ఇచ్చారు, కింద అత్తరు అమ్మే సాయిబుగారు రెండు ఇచ్చారు. కొన్ని మేడ మీంచి తాడు కట్టి దించారు. ఒక ముసలామె చెవుడు వల్ల ఏం విన్నదో గాని బొంగుతో పాటు దాని మీద ఆరేసిన తడి లోంజీ, అంటే బర్మావాళ్ళు కట్టుకునే లుంగీ, కూడా పంపేసింది. అది తిరిగి ఇవ్వడానికి వెళితే పెళ్ళి కానుక అనుకోమంది.

లింగరాజు ఆ బొంగుల్ని వంపు చూసి, కణుపు చూసి, తట్టి చప్పుడు విని ఏరాడు. రాట పక్కన జోడు బొంగులు పాతి, అడ్డబొంగును వాటికి కట్టి, దాని కొసను కూడా రాటకు వేలెడు దూరంలో కోసేశాడు. ఒక తడకను లోపలివైపు, ఇంకో తడకను బయటివైపు, రెంటినీ పై అంచుల్లో అడ్డబొంగుకు పేము బద్దలతో కట్టాడు. తిరగడానికి వీలుగా, జారడానికి వీలు లేకుండా వేసే ముడి అది. దలా పడవల్లో చుక్కానికి వేస్తారు. తాడు అవతలి స్తంభం మీదుగా వేసి, రెండు పాయలుగా చీల్చి చెరో రెక్కకూ కట్టి, లాగే కొసను రాట వైపుకు తెచ్చాడు. బరువు తేలడానికి తాడుకు చిట్ స్వే కొట్టులోని పాత లారీ టైరు ఒకటి వేలాడదీశాడు.

మధ్యాహ్నం ఆడవాళ్ళు గంజి కాచి తెచ్చి తడకల లోపలి వైపంతా కాగితాలు అంటించారు. రంగు కాగితాలు దొరకలేదు. పత్రికలు మాత్రం మోపులకొద్దీ ఉన్నాయి. పైన వాన ఆగడానికి కోటేశ్వరి ఎరువు సంచులు కోసి కుట్టిన కప్పు వేశారు.

సాయంత్రం మొదటిసారి ఎత్తారు. నలుగురు కుర్రాళ్ళు తాడు లాగారు. రెండు తడకలూ రెండు వైపులకూ నెమ్మదిగా విచ్చుకుని, కొంగ ఎగరబోయే ముందు రెక్కలు చాచినట్టు బల్లపరుపుగా లేచి ఆగాయి. పోట్లు పెట్టారు. నిన్నటి అడ్డుకట్ట పందిరైపోయింది. వీధంతా చప్పట్లు కొట్టింది. చిట్ స్వే పందిరి కింద నిలబడి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి నడిచి చూశాడు, నమ్మకం కుదరనట్టు.

"దించండి," అన్నాడు లింగరాజు.

"ఇప్పుడే కదా ఎత్తాం ఊలే."

"ఎత్తడం ఎవడైనా ఎత్తుతాడు."

చేతి మీద చెయ్యి మార్చుకుంటూ తాడు ఎలా దించాలో కుర్రాళ్ళకు చూపించాడు. మూడుసార్లు దింపించాడు. వదిలెయ్యకూడదని బర్మా భాషలో చెప్పాడు. తన బూతులన్నీ వాడాడు.

పోతూ పోతూ చిట్ స్వే అడిగాడు, "పెళ్ళిలో ఇంకేం కావాలి మీకు?"

"మేళం. తాళి కట్టేటప్పుడు పెద్ద చప్పుడు కావాలి. చెడ్డ మాట ఎవరి చెవినా పడకూడదని. లేదు, ఏం చేస్తాం," అన్నాడు లింగరాజు. చిట్ స్వే తల ఊపి వెళ్ళిపోయాడు.

*

పెళ్ళి రోజు వాన ఆగి ఆగి పడుతోంది. మగపెళ్ళివారు ఏరు దాటి, రేవు నుంచి నడిచి వచ్చారు. సమ్మెవాళ్ళ ఊరేగింపు ఒకటి ఎదురైతే దానిలో కలిసి కొంతదూరం నడిచారట. జోగిని తలపాగాతో చూసి జనం జేజేలు పలికారట. అతనింకా సిగ్గుతో ఎర్రగానే ఉన్నాడు.

అచ్చెన్న ఎవరినీ పలకరించలేదు. "రాట ఏదీ?" అన్నాడు.

చూపించారు. పసుపు అలాగే ఉంది, బొట్లు అలాగే ఉన్నాయి. నడుముకు తీగ కంకణం, తల మీద మామిడాకులు, ఎర్ర జెండా. అచ్చెన్న చుట్టూ తిరిగాడు. అరచెయ్యి ఆనించి తోశాడు. భుజం ఆనించి తోశాడు.

"గట్టిగానే ఉన్నాది," అన్నాడు. తర్వాత తల ఎత్తాడు. "ఈ జెండా ఏటి?"

లింగరాజు అన్నాడు, "గాలి ఎటేపు తోల్తందో తెలుత్తాదని."

అచ్చెన్న పడవ మనిషి. ఆ మాట ఆయనకు నచ్చింది. వెళ్ళి పందిరి కింద కూర్చున్నాడు.

పీటలు సరిగ్గా అడ్డబొంగు కింద వేశారు. మంత్రాలు మొదలయ్యాయి. పెళ్ళివారిలో సగం మంది మంత్రాలు వినలేదు. తలలెత్తి పందిరి చదువుతున్నారు.

"ఏటి రాసినాది మావా అక్కడ?"

"మంత్రి రాజీనామా అంట."

"ఏ మంత్రి?"

"పేరు పెళ్ళికొడుకు నెత్తి మీదున్నాది. కాసేపు ఆగు, ఆడు పీట మీంచి లేచాక ఎల్లి సూద్దుం."

వాన గట్టిగా పడినప్పుడు సంచుల కుట్లలోంచి చుక్క చుక్క కారింది. అచ్చు సిరా కూడా దానితో దిగింది. జోగి తెల్ల చొక్కా భుజం మీద తిరగేసిన అక్షరాలు రెండు పడ్డాయి. కోటేశ్వరి అది చూసింది. పెదవి కొరుక్కుంది. తులసమ్మ దూరం నుంచి వేలు చూపించి బెదిరించింది.

పురోహితుడు తాళి అందరికీ చూపించి జోగి చేతికిచ్చాడు. జోగి లేచి నిలబడ్డాడు.

అప్పుడు పక్క వీధిలోంచి రేకు డబ్బాల మోత మొదలైంది.

డబ్బాలు మోగితే దొంగలు వచ్చారని గుర్తు. గేటు దించాలని గుర్తు. తాడు దగ్గరున్న కుర్రాళ్ళు పెళ్ళి మరిచారు, నేర్పిన పాఠం మరిచారు. ఇద్దరు పోట్లు లాగేశారు, ఇద్దరు తాడు వదిలేశారు. రెండు రెక్కలూ ఒక్కసారి కిందికి వచ్చాయి. పందిరి అంచుల్లో కూర్చున్న చుట్టాలు చేతుల్లో అక్షింతలతో సహా సందులోకి కొందరు, రోడ్డు మీదికి కొందరు దూకారు.

తాడు పరుగెడుతోంది. లింగరాజు దానికి ఎదురు దూకి పట్టుకున్నాడు. అరచేతుల్లో మంట లేచింది. తాడును దేనికో ఒకదానికి ఒక్క చుట్టు వేస్తే ఆగుతుంది. లావు స్తంభం సందుకు అవతల ఉంది, పక్కనున్న జోడు బట్టల బొంగులు ఆ విసురుకు విరుగుతాయి; చేతికి అందే దూరంలో గట్టిగా ఉన్నది రాటే. ఒక్క చుట్టు చాలు. ఆయన చెయ్యి అటు వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది. తాడును తన నడుముకు చుట్టుకుని బురదలో మడమలు దిగేసి వెనక్కి వాలాడు. రెండు బారలు ఈడ్చుకుపోయి ఆగాడు. రెక్కలు కూడా ఆగాయి, సగంలో, రెండు వైపులా వాలి, గుడారంలా. పీటలు, పురోహితుడు, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఆ గుడారం లోపల. మిగతా పెళ్ళంతా బయట.

"ఆపండి! దొంగలు కాదు!" అని అరుచుకుంటూ చిట్ స్వే పరుగెత్తుకొచ్చాడు. "అది మేళం! నేనే చెప్పాను పక్క వీధివాళ్ళకి, తాళి టైముకి వాయించమని!"

"ఈళ్ళకి సెప్పలేదేటి?" అన్నాడు లింగరాజు, తాడుకు వేలాడుతూనే, తెలుగులోనే.

చిట్ స్వేకు అర్థమైంది. తల గోక్కున్నాడు. ఎవరికీ చెప్పకుండా చేస్తేనే కదా కానుక.

పక్క వీధివాళ్ళు మాత్రం ఉత్సాహంగా వాయిస్తూనే ఉన్నారు. డబ్బాలు, మూకుళ్ళు, ఎవరిదో సైకిలు బెల్లు. బయట చుట్టాలు బిక్కమొహాలతో నిలబడ్డారు. లోపల ఏం జరిగిందో, రెక్క ఎవరి నెత్తి మీద పడిందో తెలియదు. ఆ మోత మధ్యలో, తడకల లోపల్నించి, నవ్వు వినిపించింది. ఆగకుండా, తెరలు తెరలుగా. కాసేపటికి దానితో ఒక మగ నవ్వు కలిసింది. దాని మీద పురోహితుడి గొంతు, విసుగ్గా:

"కట్టీసినాడమ్మా. తాళి కట్టీసినాడు. అచ్చింతలు ఎయ్యండి, ఎటేపునుంచేస్తారో."

అక్షింతలు తడకల సందుల్లోంచి, పైనుంచి, పక్కనుంచి పడ్డాయి. చిట్ స్వే కూడా ఒక గుప్పెడు తీసుకుని గురి చూసి విసిరాడు.

అచ్చెన్న ఇవేమీ చూడలేదు. తిన్నగా రాట దగ్గరికి నడిచాడు. అరచెయ్యి పెట్టాడు. మొదట్లో మట్టి చూశాడు. పసుపు గుడ్డ ముడి చూశాడు. తర్వాత తిరిగి, బురదలో వెనక్కి వాలి ఉన్న లింగరాజును, అతని నడుముకున్న తాడును, రాటకూ అతనికీ మధ్య ఉన్న దూరాన్ని చూశాడు.

"కదల్లేదు," అన్నాడు.

తులసమ్మ అప్పుడు ఏడ్చింది.

అచ్చెన్న తడక మీద వేళ్ళతో కొట్టాడు. "అడ్డుతెర పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మజ్జిన పడతారని తెలుసు. పెళ్ళికీ సుట్టాలకీ మజ్జిన పట్టడం ఇదే సూడ్డం. ఎత్తండర్రా, నా మనవరాలి మొకం సూడాల."

కుర్రాళ్ళు తాడు లాగారు, ఈసారి చేతి మీద చెయ్యి మార్చుకుంటూ. రెక్కలు లేచాయి. కోటేశ్వరి బాసికం ఒక చెవి మీదికి జారి ఉంది. జోగి మొహం మీద సిరా చుక్క ఉంది. ఇద్దరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

*

బజ్జీలు, పులిహోర, సేమ్యా పాయసం అయ్యాయి. డబ్బాలు వాయించిన పక్క వీధివాళ్ళు కూడా వచ్చి తిన్నారు. పొద్దు వాలేలోపు మగపెళ్ళివారు ఏరు దాటాలి. కోటేశ్వరి అందరికీ దణ్ణం పెట్టుకుంటూ వచ్చి లింగరాజు కాళ్ళకు వంగింది. ఆయన చేతులకు గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ మీద కూడా పసుపు ఊరింది.

"మావా, మేడ మీద ముసలమ్మ ఇచ్చిన ఆ లోంజీయే కట్టుకెల్తన్నాను," అంది.

"కట్టుకో," అన్నాడు.

చివరగా కోటేశ్వరి, జోగి పందిరి కిందుగా రోడ్డు మీదికి నడిచారు. అచ్చెన్న ఆగి రాట వంక చూశాడు. "పీకి తీసుకుపోవా?"

లింగరాజు రాట మొదట్లో గునపం పెట్టి ఉంచాడు. ఆ గునపాన్నే తీసి భుజాన వేసుకున్నాడు. "ఉండనీ. ఈదికి పనికొచ్చింది," అన్నాడు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, తనే తాడు పట్టుకుని నెమ్మదిగా దించాడు. రెండు రెక్కలూ వచ్చి ఒకదాని మీద ఒకటి ఆనుకున్నాయి. వెలుతురు ఇంకా ఉంది. పోట్లకు పెట్టిన బట్టల బొంగులు అప్పటికే మేడలెక్కిపోయాయి. తడక కదిలించి చూశాడు, ముళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూశాడు, ఒకటి బిగించాడు. తర్వాత తాడు కొస తెచ్చి, కుర్చీ వేసుకుని కూర్చున్న చిట్ స్వే చేతిలో పెట్టాడు.